చివర దిగే మనిషి పేరు

తాడుకు ముడి వెయ్యడం నేర్పమని మా మనస్వి అడిగిన రోజున నా చేతులు చల్లబడిపోయాయి.

బారిడీహ్‌లో మా ఇంటి వెనక వరండాలో కూర్చుని బియ్యం ఏరుతున్నాను. మనస్వి నా కొడుకు మురళి కూతురు. ఇరవై రెండేళ్లు. డిగ్రీ అయ్యాక సైన్యంలో ఆఫీసరు ఉద్యోగానికి రాతపరీక్ష రాసి నెగ్గింది. ఇక అలహాబాదులో అయిదు రోజుల పరీక్ష. అందులో రెండు రోజులు మైదానంలోనేనట. ఎనిమిది పదిమందిని ఒక గుంపు చేసి, రెండు చెక్కలు, ఒక దుంగ, ఒక తాడు, ఒక బరువైన పెట్టె ఇచ్చి, నేల మీద కాలు పెట్టకుండా ఈ గీత నుంచి ఆ గీతకు దాటమంటారట. ఎర్ర రంగు వేసినదాన్ని మనిషీ తాకకూడదు, చెక్కా తాకకూడదు. ఒక ఆఫీసరు పక్కన నిలబడి, ఎవరు ఎలా దాటుతున్నారో, ఎవరు ఎవరిని దాటిస్తున్నారో చూసి రాసుకుంటాడట. నాయకత్వం ఉందో లేదో అక్కడ తేలిపోతుందట.

"తాత ఖలాసీ సర్దార్ కదా నానమ్మా. తాళ్లూ చెక్కలూ ఆయన పనే కదా. నీకు తెలిసింది నాకు చెప్పు," అంది.

ఖలాసీలంటే భారీ యంత్రాలను ఎత్తి దించే మనుషులు. క్రేను దూరని చోట దుంగలు పరిచి, తాళ్లు కట్టి, టన్నుల బరువును చేతులతోనే కదిలిస్తారు. సిక్కోలు వైపు నుంచి ఆ పని మీద ఈ టాటానగర్ వచ్చినవాళ్లు చాలామంది. మా ఆయన అలా వచ్చినవాడే. పదకొండు మంది జట్టుకు సర్దారు అయ్యాడు. ఆదిత్యపూర్‌లో ఒక చిన్న కార్ఖానా ఆవరణలో, లారీ మీంచి యంత్రం దింపుతుంటే తాడు తెగింది. ఆయన ఆ యంత్రం కింద పోయాడు. ముప్పై ఏళ్లు దాటింది. అప్పటికి మురళికి పదకొండేళ్లు.

నాకేమీ తెలియదన్నాను. అది అబద్ధం. రోజూ మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని ఆయన ఎక్కడ పనిచేస్తుంటే అక్కడికి వెళ్లేదాన్ని. బరువు దిగేదాకా ఎవరూ తిండికి రారు. గోడ పక్కన నిలబడి చూస్తూ ఉండేదాన్ని. ఇరవై ఏళ్లు చూశాను.

నేను బడికి వెళ్లలేదు. తెలుగు అక్షరాలు పాత వారపత్రికల్లో నేర్చుకున్నాను, హిందీ అక్షరాలు మురళి బడి పుస్తకాల్లో. ఇప్పుడు కాగితం కనిపిస్తే చదవకుండా ఉండలేను. ఆ అలవాటే కొంప ముంచింది. పరీక్షకు పిలుస్తూ వచ్చిన కాగితాలతోపాటు ఇంకొకటి వచ్చింది, తండ్రి సంతకం పెట్టాల్సినది. హిందీలో ఉన్నదాన్ని వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. మైదానం పరీక్షల్లో దెబ్బ తగిలినా, అంతకు మించింది జరిగినా, అది మా ఇష్టం మీదే జరిగినట్టు ఒప్పుకుంటున్నాం అని దాని సారాంశం. అంతకు మించింది అంటే ఏమిటో నాకు ఎవరూ అర్థం చెప్పక్కర్లేదు.

సంతకం పెట్టకురా అని మురళికి చెప్పాను. అందరికీ ఇచ్చే కాగితమే అది, ఆసుపత్రిలో కూడా ఇలాంటి దాని మీదే పెట్టించుకుంటారని వాడు నవ్వాడు. నవ్వుతూనే పెట్టేశాడు. కోడలు జానకి ఆ కలం మూత పెట్టడానికి రెండుసార్లు తడబడింది.

నా వాళ్లను నేను ఎప్పుడూ ఏదో ఒక చోట వదిలేసి వచ్చాను. పెళ్లయిన మూడో రోజున పలాస స్టేషన్లో రైలు వెంట పరుగెత్తిన మా అమ్మ చెయ్యి కిటికీలోంచి జారింది. తరవాత నేను ఆమెను చూడలేదు. నా కూతురు శాంతను విశాఖ పంపేటప్పుడు టాటానగర్ స్టేషన్లో పూలు ఇవ్వడం మర్చిపోయి వెనక్కి పరుగెత్తాను, రైలు కదిలిపోయింది. అది పురిట్లో పోయింది. ఇప్పుడు మనస్వి. ఈ పిల్ల ఉద్యోగమే వెళ్లిపోవడం. ఒక చోటికి కాదు, ఎక్కడికి పంపితే అక్కడికి.

అయినా అది మూడు రోజులు నా వెంట పడింది. నాలుగో రోజున మంచం కింది పెట్టె లాగి ఆయన తాడు బయటకు తీశాను. పని కోసం కొని వాడకుండానే ఉండిపోయిన తాడు. ఇది బరువు మొయ్యదని మొదటే చెప్పాను. పాత తాడు పైకి బాగానే ఉంటుంది, లోపల పొడి అయిపోతుంది. ముడి నేర్చుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

బరువు పెరిగేకొద్దీ బిగుసుకుని, వదలాలంటే ఒక్క లాగులో ఊడిపోయే ముడి ఒకటుంది. అది చూపించాను. నా వేళ్లకు ఇంకా గుర్తుంది. తరవాత ఆయన పద్ధతి చెప్పాను. సర్దారు ముందు నోరు విప్పడు. బరువు చుట్టూ ఒకసారి తిరుగుతాడు, చేత్తో తాకుతూ. ఎటు ఒరుగుతుందో, ఎక్కడ పట్టు దొరుకుతుందో అప్పుడే చూసుకుంటాడు. తరవాత జట్టులో ప్రతి మనిషినీ పేరు పెట్టి పిలుస్తాడు. పిలిచిన మనిషి "ఉన్నా" అనాలి. ఆ మాట వచ్చేదాకా ఆగుతాడు. పదకొండు మందీ "ఉన్నా" అన్నాకే దుంగ కదుల్తుంది. కదిలాక ఒక్క గొంతే వినపడాలి. యజమాని వచ్చి మాట్లాడినా పని ఆగిపోతుంది. ఆ చప్పుళ్లలో ఖలాసీ దేనికీ తల తిప్పడు, తన పేరుకు తప్ప.

మనస్వి అంతా నోటుపుస్తకంలో రాసుకుంది. దానికి అది కొత్తగా ఉంది. సాక్చీలో అది వెళ్లే శిక్షణ క్లాసులో ఇరవై మంది మగపిల్లలు, నలుగురు ఆడపిల్లలు. గుంపు చర్చ పెడితే మగపిల్లలు అరుస్తారట, కాగితం ఆడపిల్లల చేతికిచ్చి మీ అక్షరాలు బాగుంటాయి, రాయండి అంటారట. చెక్కలు మోసేటప్పుడు నువ్వు పక్కకు జరుగు అంటారట. గట్టిగా అరిస్తేగాని ఎవరూ వినరని, అరిస్తే తన గొంతు కీచుగా వస్తుందని అది బాధపడేది. పేరు పెట్టి పిలిస్తే అరవక్కర్లేదు కదా అని దానికి అప్పుడు తట్టింది. మర్నాడు క్లాసులో పిలిచి చూసిందట. వెనకాల ఉన్న పిల్లాడు కూడా తలెత్తాడట.

అంతవరకూ ఆయన పద్ధతి గురించి నేను చెప్పినవన్నీ నిజాలే.

"మరి దాటేటప్పుడు సర్దార్ ఎక్కడుంటాడు? ముందా, వెనకా?" అని అడిగింది. కలం పట్టుకుని నా ముఖంలోకి చూస్తోంది.

నాకు ఆ కాగితం గుర్తొచ్చింది. అంతకు మించింది.

"ముందు దాటేస్తాడు," అన్నాను. "సర్దారు అవతల నిలబడితేనే కదే అందరికీ కనపడతాడు. అక్కణ్ణించి పిలుత్తాడు."

అది రాసుకుంది. రాసిన దాని కింద గీత కూడా గీసింది.

ఫిబ్రవరిలో వెళ్లింది. అయిదు రోజులూ ఉంది. మొదటి రోజునే సగం మందిని వెనక్కి పంపేస్తారట, అది మాత్రం చివరి దాకా నిలిచింది. కాని ఎంపిక కాలేదు. ఎందుకు కాలేదో అక్కడ చెప్పరు. టాటానగర్ స్టేషన్లో దిగినప్పుడు భుజాన సంచీ వేలాడుతోంది, ముఖం కడుక్కున్నట్టుంది. ఇంటికొచ్చి అన్నం తిన్నాక, అడగకుండానే చెప్పింది. మైదానంలో ఒక్కొక్కరినీ నాయకుడిగా పెట్టి, ఇద్దరు ముగ్గురిని తోడిచ్చి ఒక అడ్డు దాటిస్తారు. తన వంతు వచ్చినప్పుడు చుట్టూ తిరిగి చూసింది, పేర్లు పిలిచింది, చెక్క వేసింది, ముందు తను దాటింది. అవతల నిలబడి పిలుస్తోంది. ఇవతల పెట్టె, ఇద్దరు అమ్మాయిలు. ఒకమ్మాయి చెక్క మీదికి వచ్చాక వెనక చివర లేచిపోయింది. రెండో అమ్మాయి చేతుల్లో పెట్టె ఉంది, చెక్క పట్టుకునే మనిషి లేదు. ఆ అమ్మాయి వెనక్కి దిగిపోయింది. మళ్లీ మొదలెట్టేలోపు సమయం అయిపోయింది.

"నేను అవతల ఖాళీ చేతుల్తో నిలబడ్డాను నానమ్మా. వాళ్లు ఇవతల ఉన్నారు. ఆ ఆఫీసర్ నన్ను చూడలేదు, వాళ్లనే చూశాడు," అంది. కంచం ఎత్తుతూ, "తాత పద్ధతి అక్కడ పనికి రాలేదు," అంది.

ఆయన గురించి ఆ మాట నా ఎదురుగా ఎవరూ అనలేదు. అనిపించింది నేను. అయినా నోరు విప్పలేదు. పిల్ల ఇంట్లోనే ఉంది. రోజూ ఉదయం వీధి చివర పరుగు తీసి చెమటతో వస్తోంది, నేను మజ్జిగ ఇస్తున్నాను. నాకు అదే చాలనిపించింది. దేవుడి దగ్గర దీపం పెట్టేటప్పుడు మాత్రం ఆయన ఫొటో వైపు చూసేదాన్ని కాదు.

ఆగస్టులో మళ్లీ పిలుపు వచ్చింది. ఇంకో రాతపరీక్ష రాసిందన్న సంగతి నాకు చెప్పనే లేదు. మళ్లీ ఆ కాగితం, మళ్లీ మురళి సంతకం. నేను చదవలేదు. ఏముందో తెలుసు.

ఈసారి మురళి ఆదిత్యపూర్‌లో తను పనిచేసే వర్క్‌షాపు నుంచి రెండు ఖాళీ డ్రమ్ములు, పాత చెక్కలు తెచ్చిపెట్టాడు. వీధి చివర ఖాళీ జాగాలో ఇటుకలకు మనస్వి ఎర్ర రంగు పూసి వరసగా పేర్చింది. పక్కింటి తనుశ్రీ, ఇంకో ఇద్దరు పిల్లలు సాయం వచ్చేవాళ్లు. తనుశ్రీకి పదిహేడేళ్లు, బెంగాలీల పిల్ల, తనూ ఎప్పటికైనా సైన్యంలోకి వెళ్తానంటుంది.

ఆ ఆదివారం వాళ్లకు నిమ్మనీళ్లు పట్టుకెళ్లాను. మనస్వి ముందు దాటేసింది, మిగతా ఇద్దరూ దాటాక అవతల డ్రమ్ము మీద నిలబడి తనుశ్రీని పిలిచింది. ఆ పిల్ల నీళ్లు నింపిన డబ్బా పట్టుకుని చెక్క మీదికి అడుగేసింది. వెనక కొస లేవడం నేను ముందే చూశాను. చూసి నిలబడిపోయాను. ఆ పిల్ల పేరు పిలవలేదు. తనుశ్రీ ఇటుకల మీద పడింది. మోకాలు చీరుకుపోయి, ఎర్ర రంగు మీద ఎర్రగా నెత్తురు కారింది.

పెద్ద దెబ్బేమీ కాదు. మూడు కుట్లు పడ్డాయి. కాని మనస్వి ఆ సాయంత్రం వచ్చి వరండా మెట్టు మీద కూర్చుని, చేతికంటిన రంగును గోటితో గీక్కుంటూ ఉండిపోయింది. తరవాత హిందీలో, నాతో కాదు, తనతోనే అన్నట్టు అంది. నేను ఎవరినీ దాటించలేను. ముందు నేను బయటపడిపోతాను. నాలో ఉన్నదే అది, అక్కడివాళ్లు సరిగ్గానే చూశారు.

అలహాబాదు వెళ్లనని చెప్పింది. టికెట్ రద్దు చెయ్యమని మురళికి ఫోన్ చేస్తానంది.

నేను గడప మీద కూర్చుని ఉన్నాను. ఏమీ మాట్లాడకపోతే చాలు. ఇంకే అబద్ధమూ ఆడక్కర్లేదు. ఉత్తినే కూర్చుంటే ఆ పిల్ల ఇంట్లో ఉండిపోతుంది. ఏదో బ్యాంకు పరీక్ష రాస్తుంది, ఈ ఊళ్లోనే ఎక్కడో చేరుతుంది, సాయంత్రం స్కూటీ చప్పుడు వినపడుతుంది. నేను పోయేదాకా నా కళ్ల ముందు ఉంటుంది. ముప్పై ఏళ్లుగా దేవుణ్ణి అడుగుతున్నది అదే. ఇప్పుడు నా ఒళ్లో పెట్టాడు.

అది ఫోన్ తీసింది. మురళి పేరు మీద వేలు పెట్టబోయింది. దాని భుజాలు చూశాను. మా ఆయన భుజాలు. ఆ భుజాలు అలా వంగడం నేను ఎప్పుడూ చూడలేదు.

"ఆగే," అన్నాను. "నాను నీకు తప్పు సెప్పేను."

అది తలెత్తింది.

"సర్దారు ముందు దాటడు. అందరికన్నా సివర దిగుతాడు. సివరి మనిసి అవతలికి ఎల్లేదాకా తాడు ఆడి సేతిలోనే ఉంటాది. మీ తాత అలగే సేసేవోడు. అలగే పోయేడు. అందుకే నీకు సెప్పలేదు."

మనస్వి ఫోన్ పక్కన పెట్టింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. లోపల జానకి గిన్నెలు సర్దుతున్నదల్లా ఆ చప్పుడు ఆపేసింది.

ఇంక ఆపడం నా వల్ల కాలేదు. ముప్పై ఏళ్లలో ఎవరికీ చెప్పనిది చెప్పాను. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. అందరూ నేను ఇంట్లో ఉండగా కబురొచ్చిందనుకుంటారు. కాదు. క్యారేజీ పట్టుకుని గోడ పక్కనే నిలబడ్డాను. లారీ మీంచి దుంగల మీద యంత్రం జారుతోంది. వెనక నుంచి తాడు పట్టి ఆపుతున్నారు. కింద దుంగ పగిలిన చప్పుడైంది. ఆయన ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి పక్కకు పొమ్మన్నాడు. అవతలకెళ్లి ఒక్కొక్కడూ "ఉన్నా" అంటున్నాడు. పదకొండోవాడు సీతారామరావు. అతనూ అన్నాడు. అందరూ బతికారని వాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. ఆయన మాత్రం యంత్రం పక్కనే నిలబడి, తాడు స్తంభానికి ఒక చుట్టు వేసి పట్టుకుని ఉన్నాడు. వదిలి పక్కకు దూకడానికి సమయం ఉంది. కాని ఆయన యంత్రాన్ని చూస్తున్నాడు, తాడును చూడలేదు. తాడు ఆయన వెనక పురి విప్పుకోవడం నాకు కనిపించింది. ఒక పోగు, ఇంకో పోగు.

"నాను పిలిసేను," అన్నాను. "ఇదిగో, ఇదిగో అని పిలిసేను. మొగుడి పేరు ఆడది నోటితో అనకూడదు కదే. పెళ్లయిన కాణ్ణించి ఇదిగో అనే పిలిసేదాన్ని. ఇంట్లో అయితే ఆయనకి తెలిసేది. ఆ సప్పుల్లో ఇదిగో అంటే ఎవుడు తిరుగుతాడు? ఆళ్లు పేరుకి తప్ప తల తిప్పరు."

మనస్వి నా చెయ్యి పట్టుకుంది. రంగు అంటింది నా చేతికి.

"అందర్నీ ఆయన పిలిసేడు. ఆయన్ని పిలవడానికి ఎవుడూ లేడు. పిలవడం ఎవుడి పనీ కాదు. నాకు కనపడింది, నాను పేరు అనలేపోయేను."

అప్పుడు అన్నాను. గణపతిరావు అని. మొట్టమొదటిసారి, నా నోటితో. గట్టిగా అనలేదు. వంటింటి గుమ్మంలో జానకి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

మనస్వి అడిగింది. అయితే చివర దిగమంటావా, వద్దంటావా అని.

దిగమన్నాను. నా గుండె వద్దనే అంటోంది, నోరు మాత్రం దిగమంది. "పట్టుకునే మనిసి లేపోతే సెక్క లేసిపోద్ది. అది నీకే తెలిసింది. సివర దిగు. కాని ముందే ఒకరికి సెప్పి పెట్టుకో. అందరూ దాటేక నీ పేరు పిలవమను. మరిసిపోవద్దని సెప్పు."

మర్నాడు పొద్దున్న అది తనుశ్రీ ఇంటికి వెళ్లి క్షమించమని అడిగింది. ఆ పిల్ల కుట్లు చూపించుకుంటూ, ఇంక కుర్చీలో కూర్చుని పేరు పిలిచే ఉద్యోగం నాదేనందట. అలాగే చేసింది. ప్రయాణానికి మిగిలిన పది రోజులూ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కాలు చాచుకుని, మనస్వి చివరి కొస పట్టుకుని ఉన్నప్పుడల్లా "దీదీ కాదు, పేరే" అని నేను గుర్తు చేస్తే, "మనస్వీ" అని అరిచేది. ఇది "ఉన్నా" అని దిగేది. ఆ మాట వినపడేదాకా ప్రతిసారీ నేను కొంగు పిడికిట్లో పట్టుకునే ఉండేదాన్ని.

సెప్టెంబరులో బయల్దేరింది. నేనూ టాటానగర్ స్టేషన్‌కు వెళ్లాను. రావద్దని మురళి అన్నాడు, అక్కడ నాకు ఏమవుతుందో వాడికి తెలుసు. అయినా వెళ్లాను. మధ్యాహ్నం ఎండ ప్లాట్‌ఫారం మీద సగం దాకా పడుతోంది. మనుషులు, సంచులు, టీ కేకలు. బండి ఆగేది కాసేపే. తన పెట్టె లోపల పెట్టి వచ్చి, రైలు తలుపు దగ్గర నిలబడి, ఆ పిల్ల మమ్మల్ని వరసగా పిలిచింది. తాత ఇలాగే రైలెక్కేముందు అందరినీ పిలిచేవాడని మురళి దానికి ఎప్పుడో చెప్పాడట.

"మురళీ," అంది. వాడు నవ్వి, ఉన్నా అన్నాడు. "జానకీ," అంది. తల్లి ఉన్నా అంది. "దాలమ్మా," అంది.

మనవరాలు నన్ను పేరు పెట్టి పిలిచింది. ఎవరైనా వింటే ఏమనుకుంటారో అని చుట్టూ చూశాను. "ఉన్నా," అన్నాను.

రైలు కదిలింది. అది లోపలికి వెళ్లకుండా తలుపు కడ్డీ పట్టుకుని నిలబడే ఉంది. నేను అక్కడే ఉన్నాను, మా అమ్మ పరుగెత్తినట్టు పరుగెత్తలేదు. అప్పుడు తట్టింది, దాన్ని ఎవరూ పిలవలేదు. చివర మిగిలింది అదే. ఊపిరంతా బిగపట్టి, "మనస్వీ," అని అరిచాను. అంత గట్టిగా నేను నా జన్మలో అరవలేదు. టీ అమ్మేవాడు తిరిగి చూశాడు. మురళి నా భుజం పట్టుకున్నాడు. అది తల తిప్పింది. నోరు కదిలిందో లేదో నాకు తెలియలేదు. రైలు చప్పుడు, దుమ్ము, ఎండ. పెట్టెలు ఒకదాని వెనక ఒకటి పోయాయి.

నాకు జవాబు వినపడలేదు.

పరీక్షలు జరిగినన్నాళ్లు ఫోన్ దగ్గర ఉంచనివ్వరట. చేరానని ఒక మెసేజ్ వచ్చింది మురళికి. అంతే. మెసేజ్‌లో గొంతు ఉండదు. మొదటి రోజు దాటింది, వెనక్కి పంపలేదు కాబట్టి ఉందన్నమాట అని మురళి లెక్క చెప్పాడు. మూడో రోజు, నాలుగో రోజు మైదానంలో అని నోటుపుస్తకంలో ఉంది. ఆ రెండు రోజులూ నేను అన్నం ముందు కూర్చుని లేచాను. కళ్లు మూస్తే తాడు కనపడేది, ఒక పోగు, ఇంకో పోగు. నిజం చెప్పి పంపాను. చెప్పకపోతే ఇంట్లో ఉండేది. నాలుగో రోజు మధ్యాహ్నం మూడు గంటలకు, ఎందుకో తెలియదు, ఆయన ఫొటో ముందుకెళ్లి పేరు పెట్టి పిలిచాను. చూసుకోమన్నాను.

అయిదో రోజు సాయంత్రం అయిదయింది. మురళి పని నుంచి తొందరగా వచ్చేశాడు. జానకి కూరగాయల కత్తి చేతిలో పెట్టుకుని ఏమీ తరక్కుండా కూర్చుంది. ఫోన్ మోగింది. మురళి ఎత్తి, చెవికి పెట్టుకుని, నాకు ఇచ్చాడు. ముందు నీకే ఇమ్మంటోందన్నాడు.

తొందరలో ఫోన్ తలకిందులుగా పట్టుకున్నాను. మళ్లీ తిప్పి పెట్టుకున్నాను.

"ఉన్నా," అంది మనస్వి.

నేను గోడకు ఆనుకున్నాను.

"స్టేషన్లోనే అన్నాను నానమ్మా. రైలు చప్పుడులో నీకు వినపడి ఉండదు. అయిదు రోజులూ నువ్వు ఎదురు చూస్తూ ఉంటావని తెలుసు."

తరవాత చెప్పింది. ఎంపికయింది. వాళ్ల గుంపులో ఇద్దరే. ఇంకా వైద్యపరీక్ష ఉంది, ఆ తరవాత చెన్నైలో శిక్షణ, ఆ తరవాత ఎక్కడికో తెలియదు. మైదానంలో తన వంతు వచ్చినప్పుడు, మొదలెట్టే ముందే, భటిండా నుంచి వచ్చిన ఒక పంజాబీ అమ్మాయికి చెప్పిందట, నేను చివర వస్తాను, మీరు దాటగానే నన్ను పేరు పెట్టి పిలువు అని. అక్కడ అందరినీ గుండెల మీద కుట్టిన నంబర్లతోనే పిలుస్తారట. ఆ అమ్మాయి మాత్రం పేరే పిలిచిందట. అవతలి కొసను వాళ్లు అదిమి పట్టుకుంటే, ఇది ఇవతలి కొస వదిలి దాటిందట. ఆ ఆఫీసరు ఏదో రాసుకున్నాడట, ఏం రాశాడో తెలియదంది.

మురళి కళ్లు తుడుచుకుంటూ స్వీట్లు తెస్తానని చెప్పులు వెతుక్కుంటున్నాడు. నాకు సంతోషం ఎక్కడో దూరంగా వినపడుతోంది, పక్క వీధిలో బాజాలా. దగ్గరగా ఉన్నది భయమే. ఎక్కడికో తెలియదని అది ఎంత తేలిగ్గా అందో.

"ఆ పిల్ల నీతో వత్తాదా, నువ్వు ఎల్లే సోటికి?" అని అడిగాను.

"లేదు నానమ్మా. ఆమె ఎంపిక కాలేదు."

"మరి అక్కడ నిన్ను ఎవులు పిలుత్తారు?"

అటువైపు ఆడపిల్లల నవ్వులు, ఎవరో పెట్టె లాగుతున్న చప్పుడు. ఎవరినో ఒకరిని చూసుకుంటాను అంది, ముందే చెప్పి పెట్టుకుంటాను అంది. ఆ రోజు నేను చెప్పిన మాటే నాకు చెప్పింది. తరవాత గొంతు తగ్గించి, ఎవరైనా దొరికేదాకా నువ్వే పిలువు అంది.

మురళి గుమ్మం దగ్గర ఆగి చూస్తున్నాడు. జానకి నా పక్కకొచ్చి కూర్చుంది. నేను ఫోన్ రెండు చేతులతో పట్టుకున్నాను.

"మనస్వీ," అన్నాను.

జవాబు వచ్చేదాకా ఊపిరి వదల్లేదు.